అక్క గెలిచిన ఆట

2024 మే 9
ఫుమియె అక్కను యూనివర్సిటీ ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఈమధ్య నిన్నటి మాట ఇవాళ మర్చిపోతోంది. మెదడుకు పదును పెట్టే ఆట ఒకటి ఉందట. హెడ్‌సెట్ తగిలించుకుంటే కళ్ల ముందు పచ్చిక మైదానం. అక్కడి రాతిబొమ్మను తాకితే ముక్కు దగ్గర నిజంగానే ఓ వాసన వస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకుని, రంగురంగుల మేఘాల్లో అదే వాసన ఉన్నదాన్ని వెతకాలి. నేర్పే అమ్మాయి కువాతాకు ఓపికెక్కువ. అక్క మాత్రం మొరాయించింది. “నాకొక్కదానికేనా ఈ వేషం? నువ్వూ పెట్టుకో సయో!” అంది. నేనూ చేరాను.

మే 16
అక్క అన్నీ పట్టేసింది. నేను ఒక్కటీ పట్టలేదు. ముక్కు ఇంట్లో పెట్టి వచ్చావటే అని వెక్కిరించింది. జలుబు చేసిందన్నాను.

మే 23
జలుబేమీ లేదు.

జూన్ 6
టీ పోసుకుంటున్నాను. అక్క పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వెనక్కి తిరిగితే వంటిల్లంతా పొగ. పొయ్యి మీద చేప బొగ్గయింది. నాకేమీ వాసన రాలేదు. పెట్టి మర్చిపోయావా అని అక్క మీద అరిచాను. మర్చిపోయేది నువ్వే కదా అన్నాను. ఏమో, నేనే పెట్టి ఉంటానులే అంది.
తర్వాత చూసుకుంటే నా ఏప్రన్ నిండా చేప పొలుసులు.

జూన్ 13
కువాతా నన్ను విడిగా కూర్చోబెట్టింది. వాసనలు తెలియకపోవడానికి కారణాలు చాలా ఉంటాయట, ఒక్కోసారి మతిమరుపు జబ్బు అలా మొదలవుతుందట. ఎందుకైనా మంచిది, ఒకసారి మెదడు స్కాన్ తీయించుకోండి అంది.

జూలై 4
డాక్టర్ ఇద్దరి స్కాన్లూ చూశాడు. అక్కది వయసుతో వచ్చే మరుపేనట. నాది అది కాదట.
బస్సులో అక్క నా చెయ్యి వదల్లేదు. ఆ చేప పెట్టింది నేనేనని తనకి ఆ రోజే తెలుసట. మరెందుకు ఒప్పుకున్నావని అడిగాను. “నీ మొహం చూస్తే భయమేసిందే” అంది.

సెప్టెంబర్ 19
ఆట మానలేదు. అక్క నా హెడ్‌సెట్ దగ్గర ముక్కు పెట్టి, ఇది నారింజ, ఇది దేవదారు అని చెవిలో చెబుతోంది. అలా చెప్పకూడదంది కువాతా. “నా చెల్లెలు, నా ఇష్టం” అంది అక్క. కువాతా తల తిప్పేసుకుంది. ఆ అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

2025 నవంబర్ 2
అక్క పేరు ఉదయమంతా గుర్తుకు రాలేదు. అక్కా అని పిలిచి గడిపేశాను.

2028 ఫిబ్రవరి
ఈ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. మంచిది. నా జుట్టు దువ్వింది. దువ్వుతూ ఏడ్చింది. ఎందుకని అడిగాను. ఉల్లిపాయ తరిగానంది. చేతిలో దువ్వెనే ఉంది.