కోడలికి నేను ఎంచిన స్టాండు

ఎడ్మంటన్

వదినగారికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. నాకు మాత్రం నిన్నటి నుంచి గుండె దడ తగ్గలేదు.

మొన్న మీ అమ్మాయి ధరణి ఫోన్‌లో రెండేసి కాళ్ళున్న స్టాండ్లు చూపించి, "ఏది కొనను అత్తయ్యా? కొండవాలులోనూ మంచులోనూ నిలవాలి" అంది. కెమెరాకేమో అనుకుని, ఒక్కో కాలూ విడిగా పొడవు పెంచుకునేది చూపించాను. నిన్న అది రాగానే తుపాకీకి బిగించి, "మీ సెలక్షన్ సూపర్ అత్తయ్యా! జింక మీద గురి కదలదు" అని నన్ను కౌగిలించుకుంది.

దేవుడికి దీపం పెట్టి లెంపలు వేసుకున్నాను. తను వేటకు వెళ్తుందని మీకు ముందే తెలుసా? మావాడు "లైసెన్స్ ఉందిలే అమ్మా" అని నవ్వుతున్నాడు. ఆ పాపంలో నాకూ వాటా ఉండదా? శనివారం బయలుదేరుతోంది, అదీ స్వామివారి రోజున. ఈలోగా మీరే ఆపాలి. గట్టిగా కాదనడం నాకు చేతకాదు. ఇంకోసారి అడిగితే తూటాలు కూడా ఎంచిపెడతానేమో.

మీ వదిన