ఒక తూటా, రెండు జింకలు

అక్టోబర్ 3, గురువారం

రైఫిల్ శుభ్రం చేశాను. తుపాకీ గురి చూసుకునే రేంజికి వెళ్లి మూడు తూటాలు కాల్చాను. మూడూ కాఫీ కప్పు మూత కింద పట్టేంత చోట్లో పడ్డాయి. అరవై నాలుగేళ్ల కళ్లకి ఇది తక్కువేం కాదు. ఈ కౌంటీలో నన్ను మించినవాడుంటే రమ్మనండి.

వేట అనుమతుల లాటరీలో ఈసారి నాకు ఒక మగజింకని కొట్టేందుకు ట్యాగ్ తగిలింది, డ్వేన్‌కి ఆడజింక ట్యాగ్. కొట్టినవాడు తన ట్యాగే జింకకి కట్టాలి. వాడూ నేనూ ఒకే స్కూలు, ఒకే బెంచీ. ముప్ఫై ఏడు సీజన్లలో నేను రెండో తూటా వాడలేదు. ఆ సంగతి వాడికి ఏడాదికోసారి గుర్తు చేస్తుంటాను. చెవులు మూసుకుంటాడు.

అక్టోబర్ 4, శుక్రవారం

సాయంత్రానికి హార్ష్‌బార్గర్ వాళ్ల పశువుల రాంచ్‌కి చేరాం. గాలి విపరీతం. డ్వేన్ మాంసం, బీన్స్ వేసి చిలీ కూర వండాడు, కారం బాగా దట్టించాడు. రెండు మోకాళ్లకీ ఆపరేషన్లయ్యాయి వాడికి. వంగలేడు, పాకలేడు. అయినా వచ్చాడు. చలికాలానికి ఇంట్లో మాంసం ఉండాలిగా.

భోజనాల దగ్గర నన్ను ఆటపట్టించాడు. ఊళ్లో నన్ను పాస్టర్ అంటున్నారట, తూటాకో ప్రసంగం చేస్తానని. అననీ. ఇరవై రెండేళ్లుగా ఏప్రిల్‌లో పిల్లలకి వేట క్లాసు చెబుతున్నాను. నా సంతకం లేకుండా ఈ ఊళ్లో ఏ పిల్లకీ పిల్లాడికీ లైసెన్స్ రాదు. మొదటి పాఠం ఒకటే: ట్రిగ్గర్ నొక్కే ముందు జంతువు వెనక ఏముందో చూడు. ఇరవైసార్లు గట్టిగా చెప్పిస్తాను.

వేట మాస్టారినని ఆఫీసు ఇచ్చిన బ్యాడ్జి కంటే నాకు గొప్ప ఆస్తి లేదు.

అక్టోబర్ 5, శనివారం, ఉదయం 8:40

పని జరిగిపోయింది. ఇప్పుడు రాయలేను.

అదే రోజు, మధ్యాహ్నం 3:00

రాస్తాను. సేజ్ పొదల్లో నలభై నిమిషాలు పొట్ట మీద పాకాను. మోచేతుల నిండా ముళ్లు. నూట తొంభై గజాల్లో మగజింక. అలాంటి కొమ్ములు నేను జీవితంలో చూడలేదు. కాల్చాను. ఉన్నచోటే కూలింది.

లేచి గర్వంగా డ్వేన్ వైపు తిరిగాను. వాడు వెనక గట్టు మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి ఊపలేదు. దగ్గరికెళ్లాక తెలిసింది. మగజింక వెనక పల్లంలో ఒక ఆడజింక పడి ఉంది. తూటా దీని ఒంట్లోంచి దూసుకెళ్లి దాన్నీ చంపింది.

కొమ్ములు చూశాను. వెనక చూడలేదు. నేను! తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డ్వేన్ కుంటుకుంటూ వచ్చి జేబులోంచి తన ట్యాగ్ తీశాడు.

"ఆడజింక ట్యాగ్ ఉండనే ఉంది కదరా. దీనికి కట్టేస్తే సరి. చూసినవాడెవడు, ఆ గద్దా?"

కాల్చింది నేను, ట్యాగ్ వాడిది. అది దొంగతనమే. అయినా ఐదు నిమిషాలు ఆలోచించాను. డైరీలో అబద్ధమెందుకు. వేట చట్టం చూసే వార్డెన్‌కి ఫోన్ చేస్తే నా క్లాసు పోవచ్చు. చేయకపోతే ఎవరికీ తెలియదు.

వద్దన్నాను.

"నీ పరువు కోసం నా మాంసం పారబోస్తున్నావు, ఓరిన్," అన్నాడు. "రేపు నేను పాకలేనని నీకు తెలుసు."

రెండు జింకల్నీ శుభ్రం చేసి నీడన పెట్టి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి వార్డెన్‌కి ఫోన్ చేశాను.

వచ్చింది టెస్ ఆరంబెల్. పన్నెండేళ్లప్పుడు నా క్లాసులో పాసైన పిల్ల. డ్వేన్ నా చెవిలో గొణిగాడు, మాస్టార్ని వదిలేస్తుందిలే అని. ఆమె దూరం కొలిచింది, ఫోటోలు తీసింది. తర్వాత నా ఎదురుగా నిలబడింది.

"వెనక చూశారా సార్?"

"లేదమ్మా."

జరిమానా టికెట్ రాసింది. ఒక్క అక్షరం కొట్టేయలేదు. క్లాసు సంగతి అడిగాను. అది ఆఫీసు తేలుస్తుందంది. ఆడజింకని అవసరమున్న ఇంటికిస్తానని తీసుకెళ్లింది.

మాస్టారని వదల్లేదు! సిగ్గుతో చస్తున్నా ఛాతీ మాత్రం ఉప్పొంగింది. ఈ మాట డ్వేన్‌కి చెబితే నాకు పిచ్చెక్కిందన్నాడు. తర్వాత ఇక మాట్లాడలేదు.

అక్టోబర్ 6, ఆదివారం

నీళ్ల తొట్టి వైపు జింకలు దిగే చోటు నాకు తెలుసు. స్టూలు మోసుకెళ్లి అక్కడ వేశాను. డ్వేన్ కూర్చున్నాడు. పాకే పని లేదు.

తొమ్మిదింటికి ఆడజింక వచ్చింది, దాని వెనక నాలుగు. వాడు రైఫిల్ ఎత్తాడు, కాల్చలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు నిమిషాలు. నాలుగూ పక్కకి జరిగాయి. అది ఒంటరిగా నిలబడింది, వెనక ఉత్త మట్టిగుట్ట. అప్పుడు కాల్చాడు. ఒకే తూటా.

నా కళ్లు చెమర్చాయి. వాడు చూసేశాడు.

"నీ పాఠం విని ఆగాననుకునేవు. మోకాలు సర్దుకుంటున్నా," అన్నాడు.

సరేలే అన్నాను. ఇంటికొచ్చే దారంతా కబుర్లే.

నవంబర్ 19, మంగళవారం

ఆఫీసు నుంచి ఉత్తరం రాలేదు.

జనవరి 21, మంగళవారం

వచ్చింది. వంటింట్లో నిలబడే చదివాను. బ్యాడ్జి ఉంచుకోవచ్చట. జరిగింది పిల్లలకి చెప్పాలో వద్దో నా ఇష్టమట.

ఏప్రిల్ 12, శనివారం

ఈసారి క్లాసులో పదహారు మంది. టెస్‌ని అడిగి తెచ్చుకున్న ఆ రెండు జింకల ఫోటో తెర మీద వేశాను. తప్పేమిటో ముందు వరసలో ఒక పిల్ల చెప్పేసింది. ఆ మూర్ఖుడెవరని వెనకనుంచి ఒకడు అడిగాడు.

చెయ్యెత్తాను.