విమానం తోక మీద నీ ఫొటో

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. అంతకు ముందు, కుప్పం కాలేజీలో మా విద్యార్థులతో నేను చేయిస్తున్న రిమోట్ విమానం కోసం, పుంగనూరులో నీ మోటార్ వైండింగ్ షాపు మూసి మరీ వచ్చావు. దాని తోక దగ్గర చిల్లు కోసింది నువ్వే. "గాలి వచ్చే దోవుంటే సాలదు పాపా, పోయే దోవ గూడా ఉండల్ల. లేకుంటే మోటారు ఉడికిపోతాది" అన్నావు.

నువ్వు పోయాక, వేగం పెంచిన ప్రతిసారీ మోటారు కాలిపోయింది. మూడు మార్చాం. ఈ ఉదయం నాలుగోది బిగిస్తుంటే, కొత్తగా చేరిన విద్యార్థిని రెడ్డెమ్మ తోకను తడిమి, "మేడం, ఈ ఫొటో కింద బొక్క ఉండాది" అంది.

నువ్వు పోయాక వచ్చిన ఆయుధపూజ నాడు విమానానికి గంధం, కుంకుమ పెట్టి, తోక మీద నీ ఫొటో అంటించింది నేనే. నీ చిల్లు సంగతి ఆ రోజు తలపుకే రాలేదు. నువ్వు కోసిన దారిని నీ ముఖంతోనే మూసేశాను.

ఫొటోను మెల్లగా ఊడదీశాను. విమానం పూర్తి వేగంతో ఆరు చుట్లు తిరిగి దిగింది. మోటారు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

గోరువెచ్చగా ఉందన్నా, అంతే.

నీ చెల్లెలు