సైకిలుకు గోళ్ళరంగు

వదినగారికి,

నమస్కారం. ఉన్నట్టుండి ఉత్తరమేమిటని కంగారుపడకండి. ఒక గోళ్ళరంగు సీసా కోసం రాస్తున్నాను. ఈ వయసులో ఇతనికిదేం పోయేకాలం అనుకునే ముందు కాస్త చదవండి.

మీ చెల్లెలు తన సైకిలుకు ఎక్కడైనా రంగు పెచ్చులూడితే గోళ్ళరంగు పూసేది, గుర్తుందా? సైకిలును కొట్టు దాకా నడిపించుకెళ్ళి, సీసాను గోటికి కాకుండా కడ్డీకి ఆనించి చూసి కొనేదని మీరే చెప్పి నవ్వేవారు. తను పోయాక ఆ పని నేను నేర్చుకున్నాను. తుప్పును గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, తుడిచి, ఆరాక పలచగా రెండు పూతలు వేస్తాను. మొదట్లో ఒకేసారి మందంగా పూస్తే కన్నీళ్ళలా కారింది. ఇప్పుడు చెయ్యి కుదిరింది.

సీసా అడుగంటింది. దాని మీద చీటీ ఎప్పుడో చెరిగిపోయింది. నేను వెతికి తెచ్చిన రెండూ మరీ ఎర్రగా ఉన్నాయి. మీరిద్దరూ ఒకే రంగు కొనుక్కునేవారు కదా, మీ దగ్గర సగం సీసా మిగిలి ఉన్నా పంపగలరా?

తొందరేం లేదని రాయబోయాను. మీ దగ్గర దాపరికమెందుకు? మూత తీస్తే ఆ వాసన కాసేపు ఇల్లంతా ఉంటుంది, తను పక్కగదిలో కూర్చుని గోళ్ళు ఆరబెట్టుకుంటున్నట్టు. పోయిన ఆదివారం సైకిలంతా వెతికినా పూయడానికి పెచ్చూడిన చోటు ఒక్కటి కూడా కనబడలేదు. తాళంచెవితో నేనే ఒక గీత గీశాను.

మీ మరిది