కబడ్డీ కాగితంలో నీ పేరు

బావా,

నువ్వు పోయిన ఏడాదికి, మనం పెంచుకున్న సరితకు కబడ్డీ ఆటతో కాలేజీలో సీటొచ్చింది. చిక్కల్లా తండ్రి పేరుతోనే. నువ్వు రాజయ్య అనే వేరే మనిషి పేరుమీద బొగ్గుబాయిలో పనికెక్కావు కదా, బడిలోనూ ఆ రాజయ్య పేరే రాయించాం. ఆటల కాగితంలో మాత్రం సరిత నీ అసలు పేరు రాయించుకుంది.

"బడి కాగితం ఇగ మారదు. రెండిట్ల ఒక్కటే పేరుండాలె అవ్వా, లేకుంటే సీటు రాదు," అన్నాడు ఆటల సారు.

"మా బాపు పేరు తీసేస్తరా సారూ?" అని సరిత ఏడ్చింది.

"తియ్యనియ్యి బిడ్డా, సీటు పోతే ఎట్ల?" అన్నాను.

ఇవాళ అది హాస్టలుకు పోయింది. తిన్నదో లేదో, మోకాలికి దెబ్బ తగిలించుకుంటుందో అని ఒకటే ఫికరు. నీ పేరు ఇక ఏ కాగితంలోనూ లేదు. మొగుడి పేరు పలకకూడదంటారని నేనూ ఎన్నడూ నీ పేరు ఎత్తలేదు. బస్సు వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, మెల్లగా "మల్లయ్యా" అని పిలిచాను.