టీవీ మీద ఆయన రాసిన మాట

వట్లూరు, మంగళవారం రాత్రి

పక్షవాతం వచ్చాక మా ఆయనకు మాట పోయింది. ఎడమ చేత్తో రిమోట్ బటన్లు నొక్కలేకపోతున్నారని అమ్మాయి ఇవాళ ఫోన్‌లో రిమోట్ యాప్ పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఆయనే సినిమా వెతుకుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఫోన్‌లో నొక్కిన అక్షరాలు టీవీ మీద పడుతున్నాయి. "చాలు" అని పడింది.

"ఏవండీ, టీవీ కట్టెయ్యమంటారా?" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. నా చేతిలోని మాత్రల వైపు చూసి మళ్లీ నొక్కారు. "ఇంక మందులు వద్దు."

"అలా అనకండి. నేనేమైపోవాలండీ?"

ఫోన్ నా ఒళ్లో పెట్టేశారు. ఆ మాటలు చెరిపేసి, సీరియల్ పెట్టి, మాత్రలు నోట్లో వేశాను. మింగారు. ఇన్నాళ్లూ నా కోసమే మింగుతున్నారన్నమాట.

రేపు ఆ ఫోన్ ఆయన చేతికివ్వాలంటే భయంగా ఉంది.