హబ్బు మీద చెయ్యి

చిరంజీవి బుజ్జితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, షెడ్డులో నీ జీపు బండీ, ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు వేళకి తింటూ, పాఠాల్లో కునికిపాట్లు పడకుండా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నేను ‘క్షేమం’ అని రాయడం చూసి మీ అమ్మ కుట్టుమిషను ఆపి ఒకసారి దగ్గింది. ఆ దగ్గు సంగతి తర్వాత చెబుతాను.

కిందటి ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. బాగానే ఉంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకుంటూ ఎక్కుతోంది. ఆ మెట్లు ఎత్తుగా కట్టించింది నేనేనట. ముందు చక్రం మోత తగ్గిందా అన్నావు, దానికి పెద్ద జవాబే ఉంది. నా దస్తూరి ఎందుకిలా వంకర్లు పోతోందని మూడోది. పశువుల డాక్టరువి, మనుషుల నాడి కూడా చూస్తానంటే ఎలాగమ్మా? దాన్ని చివరికి ఉంచుకుంటాను.

ముందు బండి. వెళ్లేటప్పుడు నువ్వన్నది నిజమే. వేగం పెంచితే ఎడమ ముందు చక్రం గుయ్యిమంటోంది, కుడివైపు తిప్పితే ఇంకాస్త ఎక్కువవుతోంది. టైరేమో అనుకున్నావు. టైరు కాదు, లోపలి బేరింగు. శిక్షణ ముగించుకుని వచ్చీ రాగానే పాడి రైతుల పిలుపులకి నువ్వా కొండ దారి ఎక్కాలి, ఒక పక్కంతా లోయ. అక్కడ చక్రం తిరక్కుండా పట్టేస్తే బండి ఆగేది లోయలోనే. అందుకే మిగతా బండ్లన్నీ పక్కకి నెట్టి నీదే జాకీ మీదికి ఎత్తాను.

బ్రేకు విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టాను. బురదలో ముందు చక్రాలు కూడా బండిని లాగేలా నువ్వు చేత్తో తిప్పే ఆ మూత తీసి, నట్లు విప్పి చక్రం నడిమి హబ్బు లాగితే సంగతి బయటపడింది. వాగుల్లో దింపీ దింపీ వెనకాల రబ్బరు సీలు చిరిగింది, నీళ్లు దూరి గ్రీజు పాలవిరుగుడులా అయిపోయింది. నిన్నేమీ అనడం లేదులే, ఆవు ఈనుతుంటే వాగు తగ్గేదాకా ఆగదు. బేరింగులు రెండూ కిరసనాయిలులో కడిగి చూశాను. బయటిది బాగుంది. లోపలిదాని రోలర్ల మీద మచ్చలు పడ్డాయి. అది కూర్చునే కప్పుతో సహా కొత్తది వేశాను. అరచేతిలో ఇంత గ్రీజు పెట్టుకుని, బేరింగు అంచుతో గీరుతూ, అటువైపు నుంచి పైకి వచ్చేదాకా ఎక్కించాను. నీకు చిన్నప్పుడు నేర్పింది అదే పద్ధతి. నువ్వు ఆ గ్రీజంతా గౌనుకి పూసుకుని మీ అమ్మ చేత నాకు చీవాట్లు పెట్టించావు.

ఇక నట్టు బిగించడం. చక్రం తిప్పుతూ గట్టిగా బిగించాలి, మళ్లీ వదలాలి, మళ్లీ మెల్లగా పట్టించాలి. పైన రెండో నట్టు బిగిస్తే లోపలిది ఇంకాస్త బిగుస్తుంది, ఆ కాస్తా ముందే విడిచిపెట్టాలి. బిగువు కొలిచే పానా ఉంది కదా అంటావు. ఉంది. దాంతో బిగించినా చివరికి పైనా కిందా పట్టుకుని చేత్తో ఊపి చూడాల్సిందే. ఊపాను. సరిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున దారాలు కొనాలని మీ అమ్మ అంటే నీ బండిలోనే తీసుకెళ్లాను. తిరిగొస్తుంటే, “ఏమండీ, ఏదో మాడుతున్న వాసన వస్తోంది” అంది.

“నీ ముక్కుకి ఎప్పుడూ ఏదో ఒకటి మాడుతూనే ఉంటుంది” అన్నాను.

షెడ్డు ముందు ఆపి, అలవాటు ప్రకారం హబ్బు మీద అరచెయ్యి ఆనించాను. నట్టు మరీ బిగిస్తే హబ్బు కాలుతుంది. కాలలేదు. “చూడు, చల్లగానే ఉంది” అన్నాను, చెయ్యి అక్కడే ఉంచి. మీ అమ్మ వేలు ఆనించి చటుక్కున వెనక్కి లాక్కుంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని లాగేసింది.

అరచేతిలో చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. సాయంత్రానికి బొబ్బలెక్కింది. నాకేమీ తెలియలేదు తల్లీ.

ఇదే నీ మూడో ప్రశ్నకి జవాబు. కొంతకాలంగా వేళ్లూ అరచేతులూ మొద్దుబారి ఉన్నాయి. కలం పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలియడం లేదు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు అంటున్నాడు. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం అనడం లేదు. నీకు చెప్పొద్దని మీ అమ్మ నోరు కట్టేసింది నేనే, ఇందాకటి దగ్గు అందుకే. భయం నీ గురించి కాదు, నా గురించి. ఈ చేతులు తప్ప నా దగ్గర ఇంకేముంది? కానీ తెలియని చేత్తో బిగించిన చక్రం మీద నిన్ను కొండెక్కించబోయాను.

మళ్లీ విప్పాను. బాగున్న బయటి బేరింగు వేడికి నీలం రంగుకి తిరిగింది. ఈసారి రెండూ కొత్తవి వేసి, మీ అమ్మని పిలిచాను. బట్ట ముట్టుకుని నూలు నాణ్యం చెప్పే మనిషి కదా. ముందు “నాకేం తెలుసండీ” అని గునిసింది. తర్వాత ముక్కాలి పీట లాక్కుని కూర్చుని చక్రం ఊపింది. “లోపల ఏదో టక్కుమంటోంది” అంది. కాస్త బిగించాను. “ఇప్పుడు బరువుగా తిరుగుతోంది.” కాస్త వదిలాను. నేను బిగించడం, ఆవిడ వంక పెట్టడం. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ చెప్పినట్టల్లా విన్నది ఆ పూటే. చివరికి కళ్లు మూసుకుని ఊపి, “ఇక ముట్టుకోకండి” అంది.

తర్వాత చాలా దూరం తిప్పాం. హబ్బు మీద చెయ్యి వేసింది ఆవిడే. చల్లగా ఉందట. మోత కూడా లేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, ఆ మాట నమ్ము.

కుడి ముందు చక్రం మాత్రం విప్పి ఉంచాను. బేరింగులు కడిగి, బట్టలో చుట్టిపెట్టాను. నువ్వు వచ్చాక నువ్వే బిగించు. పీట మీద కూర్చుని నేను చెబుతాను. మీ అమ్మ వంకలు పెడుతుంది. ఇకమీదట నీ బండికి నీ చెయ్యే.

అన్నట్టు, అరచెయ్యి మానుతోంది, బెంగపెట్టుకోకు. వచ్చినప్పుడు నువ్వు బస్సు దిగగానే నా చెయ్యి పట్టుకుంటావు కదా. ఈసారి కాస్త గట్టిగా పట్టుకో బుజ్జీ. మెల్లగా పట్టుకుంటే నాకు తెలియదు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
నాన్న